రెండు సంఖ్యలు – ఒక చోటు

మన పూర్వులు దూరమును కొలుచుటకు తమ దేహమునే కొలబద్దగా వాడుకొనిరి. బెత్తెడు, జాన, మూర, బార అనునవి చేతి కొలతలు. అంగ కాలి కొలత. అంతకు మించిన దూరములకు క్రోసు, ఆమడ అను మాటలుండెను. పొరుగుపల్లె ఎంత దూరమని అడిగిన బాటసారికి ‘కూతవేటు దూర’మని బదులు వచ్చెడిది. కూత పెట్టువాని గొంతు ఎట్టిదో, గాలి ఎటు వీచుచున్నదో, నడుమ గుట్ట యేదైన నున్నదో తెలిసినగాని ఆ దూరము తెలియదు. అయినను చిక్కు లేదు. అది ఉజ్జాయింపు మాటయని చెప్పువానికిని, వినువానికిని తెలియును.

నేడు చేతిఫోనులోని పటముపై రెండుచోట్ల వ్రేలు మోపినంతనే ఆ నడిమి దూరము దశాంశములతో సహా తెరపై కానవచ్చుచున్నది. మనము నడచుచుండగా పటములో ఒక చుక్క మనతోపాటు నడచుచున్నది. సంఖ్య అంత సూక్ష్మముగా నుండుటచేత అది తిరుగులేని సత్యమని మనము తలంతుము. కాని ఆ సంఖ్యయు ఒకవిధముగా కూతవేటు వంటిదే. భూమిని ఏ ఆకారము గలదిగా భావించి, ఏ దారివెంట, ఎంత పొడవుగల కొలబద్దతో కొలిచిరో తెలిసినగాని దాని అర్థము బోధపడదు.

ఇది కేవలము పండితుల చర్చ కాదు. నడిసముద్రమున ఇంజను చెడిన పడవలోని మత్స్యకారుడు తీరమునకు తెలుపగలిగినది తానున్న చోటిని సూచించు రెండు సంఖ్యలు మాత్రమే. వరదలో చిక్కిన లంకగ్రామమునకు ఆహారము కొనిపోవు హెలికాప్టరునకును, అర్ధరాత్రి రోగి యింటిని వెదకుకొనుచు వచ్చు అంబులెన్సునకును ఆ సంఖ్యలే దిక్కు. వానిని తప్పుగా వ్రాసినను, తప్పుగా చదివినను సహాయము వేరొకచోటికి పోవును. కావున ఆ సంఖ్యలు ఎట్లు పుట్టుచున్నవో తెలిసికొనుట మనకందరకును అవసరము.

భూగోళముపై ఒక చోటును గుర్తించు విధానము గ్రాఫు కాగితముపై బిందువును గుర్తించు విధానమును పోలియున్నది. భూమధ్యరేఖనుండి ఉత్తరమునకో దక్షిణమునకో ఎన్ని డిగ్రీల కోణమున ఆ చోటు ఉన్నదో తెలుపునది అక్షాంశము. ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోవు రేఖనుండి తూర్పునకో పడమరకో ఎన్ని డిగ్రీలున్నదో తెలుపునది రేఖాంశము. 1884వ సంవత్సరమున వాషింగ్టను నగరమున సమావేశమైన పలుదేశముల ప్రతినిధులు గ్రీనిచ్ రేఖను సున్న రేఖగా నిర్ణయించిరి. అక్షాంశ రేఖాంశములకు కలిపి నిరూపకములని పేరు. హైదరాబాదు నగరపు నడిబొడ్డున ఒక చోటు నిరూపకములు 17.385 ఉత్తరము, 78.487 తూర్పు.

ఈ రెండు సంఖ్యలలో ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్న చిన్నదిగా తోచును. మాటలలో అక్షాంశమును ముందు చెప్పుట వాడుక. కాని కొన్ని సాఫ్ట్‌వేర్లు గ్రాఫునందువలె అడ్డముగా కొలుచుదానిని, అనగా రేఖాంశమును, ముందు వ్రాయుమని కోరును. ఆ సంగతి నెరుగక పైరెండు సంఖ్యలను తారుమారుగా వ్రాసినచో 78.487 డిగ్రీలు ఉత్తర అక్షాంశమగును, 17.385 డిగ్రీలు తూర్పు రేఖాంశమగును. అప్పుడు పటముపై చుక్క హైదరాబాదును విడిచి నార్వే దేశమునకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ ద్వీపముపై పడును. అది ఉత్తరధ్రువ ప్రాంతమునగల మంచునేల. యంత్రము ఇట్టి పొరపాటును తనంతట గుర్తింపలేదు. ఆ సంఖ్యలు భూమిపై నిజముగా ఉన్న ఒక చోటునే చూపుచున్నవి కదా! అట్లే సంఖ్యలు వ్రాయవలసిన చోటును విడిచిపెట్టగా యంత్రము దానిని సున్నగా గ్రహించినచో, ఆ చుక్క ఆఫ్రికాకు పడమట గినీ సింధుశాఖలోని నీటిపై నిలుచును. భూమధ్యరేఖయు, గ్రీనిచ్ రేఖయు కలియు చోటు అదియే.

మరియొక పొరపాటు ఇంతకంటెను సూక్ష్మమైనది. ఒక డిగ్రీని 60 భాగములు చేసినచో ఒక్కొక్క భాగమునకు నిమిషమని పేరు. 17 డిగ్రీల 23 నిమిషములు అనగా 17 డిగ్రీలపై 60లో 23వ వంతులు. దశాంశములలో అది 17.383 అగును. ఆ సంగతి మరచి 17.23 అని వ్రాసినచో చుక్క దక్షిణమునకు సుమారు 17 కిలోమీటర్లు జరుగును. నేలపైనైన 17 కిలోమీటర్ల తేడాను దారి నడిగి సరిదిద్దుకొనవచ్చును. సముద్రముపై దారి చెప్పువారెవ్వరు? నావికులు నేటికిని డిగ్రీలు, నిమిషములతో పని చేయుదురు. అక్షాంశముపై ఒక నిమిషము ఇంచుమించు ఒక సముద్రపు మైలగుటయే అందులకు కారణము. సముద్రపు మైలు పొడవు 1,852 మీటర్లు. చేతిఫోనులు మాత్రము సాధారణముగా దశాంశములనే చూపును. ఒక పద్ధతిలో చెప్పిన సంఖ్యను వేరొక పద్ధతిలో వ్రాసికొనినచో వెదకుచు బయలుదేరిన పడవ శూన్యమైన నీటికడకు పోయి చేరును.

ఇక దశాంశముల విలువను చూతము. అక్షాంశమున ఒక డిగ్రీ నేలపై సుమారు 111 కిలోమీటర్లు. కావున మొదటి దశాంశస్థానము 11 కిలోమీటర్లను, రెండవది ఒక కిలోమీటరుకు కొంచెము పైబడినదానిని, మూడవది 110 మీటర్లను, నాలుగవది 11 మీటర్లను, అయిదవది ఇంచుమించు ఒక మీటరును తెలుపును. ఎనిమిదవ స్థానము వరకు వ్రాసినచో అది ఒక మిల్లీమీటరును సూచించును. బయలు ప్రదేశమున చేతిఫోను తన చోటును సుమారు అయిదు మీటర్ల తేడాతో కనుగొనగలదు. అట్టి ఫోను ఎనిమిది దశాంశములను చూపుట, దూరమునుండి కంటితో చూచిన మఱ్ఱిచెట్టు ఎత్తును వెండ్రుకవాసితో చెప్పుట వంటిది. అంకెలు పెరిగినంతమాత్రమున కొలత నిక్కమైనది కాదు.

రెండు చోట్ల నిరూపకములు తెలిసిన పిదప వాని నడిమి దూరమును లెక్కించుటకు భూమి యాకారము తెలియవలెను. ఆ ఆకారమును తెలిసికొనుటకు మన దేశమున జరిగిన కృషి చిరస్మరణీయము. 1802వ సంవత్సరము ఏప్రిల్ నెలలో విలియం లాంబ్టన్ అను అధికారి మద్రాసు చెంతగల సెయింట్ థామస్ కొండకడ ఏడున్నర మైళ్ల సరళరేఖను నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలిపించెను. ఎండకు ఉక్కు సాగును, చలికి ముడుచుకొనును. కావున గొలుసు ప్రక్కన ఉష్ణమాపకములనుంచి ఆ స్వల్పభేదమును సయితము లెక్కించిరి. త్రిభుజమున ఒక భుజమును, దానిపై నున్న రెండు కోణములును తెలిసినచో తక్కిన భుజములను గణితముచే కనుగొనవచ్చును. ఆ సూత్రము ననుసరించి అరటన్ను బరువుగల థియోడొలైటను కోణమాపకమును కొండలపైకిని, గోపురములపైకిని ఎక్కించి, త్రిభుజము వెంట త్రిభుజమును కట్టుచు సర్వే బృందములు ఉత్తరమునకు సాగిపోయెను. లెక్కను సరిచూచుకొనుటకు 1811లో రాయలసీమలోని గుత్తికడ మరియొక ఆధారరేఖను కొలిచిరి. ఎండలకును, అడవిజ్వరములకును ఎందరో పనివారు బలియైరి. లాంబ్టన్ 1823లో మహారాష్ట్రములోని హింగన్‌ఘాట్‌లో మరణించెను. జార్జి ఎవరెస్టు ఆ పనిని హిమాలయ పాదముల వరకు కొనసాగించెను.

ఆ కొలతలవలన భూమి సరియైన గోళము కాదనియు, ధ్రువములవద్ద కొంచెము నొక్కబడినదనియు ధ్రువపడెను. భూమధ్యరేఖకడ భూమి వ్యాసార్ధము 6,378 కిలోమీటర్లు. ధ్రువములకడ అది 6,357 కిలోమీటర్లు. ఎవరెస్టు 1830లో తన కొలతల ననుసరించి భూమి పరిమాణమును నిర్ణయించెను. భారతదేశపు పటములు చిరకాలము ఆ నిర్ణయముపైననే ఆధారపడినవి.

ఇప్పుడు ఒక లెక్క చేయుదము. విశాఖపట్టణమునందు ఒక చోటు నిరూపకములు 17.687 ఉత్తరము, 83.218 తూర్పు. హైదరాబాదుకును దానికిని అక్షాంశములలో భేదము 0.302 డిగ్రీ, రేఖాంశములలో భేదము 4.731 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున రెండు భేదములను దూరములుగా మార్చి, లంబకోణ త్రిభుజపు కర్ణమును కనుగొనినచో దాదాపు 526 కిలోమీటర్లు వచ్చును. ఈ జవాబు తప్పు. రేఖాంశ రేఖలు ఒకదానికొకటి సమాంతరములు కావు. నారింజపండు తొనల అంచులవలె అవి ధ్రువములకడ ఒకచోట కలియును. భూమధ్యరేఖపై 111 కిలోమీటర్లున్న రేఖాంశ డిగ్రీ మన ప్రాంతమున 106 కిలోమీటర్లే యగును. 60 డిగ్రీల అక్షాంశముకడ అది సగమునకు తగ్గును. ఈ తగ్గుదలను లెక్కలోనికి తీసికొనినచో హైదరాబాదు విశాఖపట్టణముల నడిమి దూరము సుమారు 503 కిలోమీటర్లని తేలును. నిరూపకములు మారలేదు. భూమిని బల్లపరుపుగా తలంచుటచేతనే 23 కిలోమీటర్లు అధికముగా వచ్చినవి.

తెరపై కానవచ్చు పటమునందును ఇట్టి మోసమే కలదు. గుండ్రని నేలను చదునైన తెరపై పరచవలెనన్నచో ఎక్కడనో ఒకచోట సాగదీయక తప్పదు. 1569లో మెర్కేటర్ అను పటకారుడు కనిపెట్టిన పద్ధతినే కొద్దిపాటి మార్పుతో నేటి పటములు పెక్కు అనుసరించుచున్నవి. అందు దిక్కులు చెడవు. అది నావికులకు మేలైనది. కాని ధ్రువములవైపు పోయినకొలది నేల ఉన్నదానికంటె పెద్దదిగా కానవచ్చును. గ్రీన్‌లాండు ఆఫ్రికాయంత ఉన్నట్లు తోచును. నిజమునకు ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. అందుచే తెరపై బద్ద పెట్టి కొలుచుట పనికిరాదు. మంచి సాఫ్ట్‌వేరు తెరపై నున్న గీతను కొలువక, గీత చివరల నిరూపకములను తీసికొని గోళగణితముతో దూరమును లెక్కించును. ఆ గణితమున కోణముల జ్యలు వచ్చును. మన ఆర్యభటుడు పట్టికగా వ్రాసియుంచిన జ్యలే అరబ్బుల ద్వారమున ఐరోపాకు చేరి ‘సైన్’ అను పేరు పొందినవి. భూమిని పూర్ణగోళముగా తలంచి చేయు లెక్కలో నూరు కిలోమీటర్లకు అరకిలోమీటరు వరకు తేడా రావచ్చును. ధ్రువములకడ నొక్కుడును కూడ లెక్కించు పద్ధతిని 1975లో విన్సెంటీ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. దానిచే ఆ తేడా ఇంచుమించు లేకుండ పోయినది.

గోళముపై అతి దగ్గరి దారి పటముపై సరళరేఖగా కానరాదు. ఒక భూగోళపు బొమ్మను తీసికొని ఢిల్లీనుండి అమెరికాలోని షికాగోకు దారమును బిగించి చూడుడు. ఆ దారము ఉత్తరధ్రువ ప్రాంతము మీదుగా పోవును. చదునైన పటముపై అదే దారి పెద్దవిల్లువలె వంగియుండును. విమానము చుట్టుదారిన పోవుచున్నదని చూపరులు భ్రమపడుదురు.

ఆకారము తెలిసినను సున్న ఎక్కడనున్నదను ప్రశ్న మిగిలియున్నది. గ్రీనిచ్ వేధశాలలో సున్న రేఖను సూచించు గుర్తుపై కాలుమోపి చేతిఫోనును చూచినచో అందు సున్న రాదు. ఉపగ్రహముల లెక్క ప్రకారము సున్న రేఖ ఆ గుర్తునకు తూర్పున 102 మీటర్ల దూరమున నున్నది. పూర్వము వేధశాలవారు భూమి ఆకర్షణచే వ్రేలాడు తూకపుగుండు దిక్కును ఆధారముగా గొనిరి. ఉపగ్రహ పద్ధతి భూమి కేంద్రమును ఆధారముగా గొనుచున్నది. ఆ రెండును అచ్చముగా ఏకీభవింపవు. మన దేశపు పాత పటములు ఎవరెస్టు నిర్ణయముపై ఆధారపడినవి. చేతిఫోనులు ప్రపంచమంతటికిని ఒకటియైన కొత్త కొలతలపై ఆధారపడినవి. కావున పాత పటములోని నిరూపకములను తగిన మార్పు చేయక కొత్త పటములో వ్రాసినచో గుర్తు తన చోటినుండి జరుగును. 2005లో ప్రకటింపబడిన జాతీయ పటవిధానము ప్రజలకొరకు ముద్రించు పటములకు ఈ కొత్త కొలతలనే స్వీకరించినది.

ఇంతవరకు కదలని చోటును గూర్చి చెప్పుకొంటిమి. కదలువాని జాడ పట్టుట మరియొక విద్య. అమెరికావారి జి.పి.యస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తామున్న చోటును, కాలమును ఎడతెగక రేడియో సంకేతములచే తెలుపుచుండును. సంకేతము మనలను చేరుటకు పట్టిన కాలమును కాంతివేగముచే గుణించినచో ఆ ఉపగ్రహమెంత దూరమున నున్నదో తెలియును. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసినచో మనమున్న చోటు తేలును. కాలమును కొలుచుటలో సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను దూరములో 300 మీటర్లు తప్పును. అందుచే ఉపగ్రహములలో పరమాణు గడియారములనుంచిరి. ఇట్టి పనికై భారతదేశమును తన స్వంత ఉపగ్రహములను రూపొందించుకొనినది. నావిక్ అను ఆ వరుసలో మొదటిది 2013 జూలై 1వ తేదీన మన శ్రీహరికోటనుండియే ఎగసినది.

నడచువాని దారిని చేతిఫోను ఎట్లు కొలుచును? కొన్ని క్షణములకొకసారి తానున్న చోటును గుర్తించి, ఆ చుక్కలను వరుసగా కలిపి, చిన్నచిన్న గీతల పొడవులను కూడును. ఇందు రెండు విధములైన దోషములు కలవు. చుక్కలు మిక్కిలి దూరదూరముగా నున్నచో దారిలోని మలుపులు తెగిపోయి దూరము తగ్గును. తిరుమల కొండదారిన పోవు బస్సు చోటును అయిదు నిమిషములకొకసారి గుర్తించినచో ఆ వంకరలన్నియు మాయమగును. చుక్కలు మిక్కిలి దగ్గరగా నున్నచో మరియొక చిక్కు. ఒక్కొక్క చుక్కలోను నాలుగైదు మీటర్ల తేడా ఉండుటచేత, చెట్టుక్రింద కూర్చున్నవాడు సయితము అటునిటు తిరిగినట్లు నమోదగును. గంటసేపు కదలక కూర్చున్నను యంత్రము అతడు కొంతదూరము నడచెనని చెప్పును. ఈ రెండింటి నడుమ తగిన ఎడమును ఎన్నుకొనుటలోనే నేర్పు కలదు.

కొలబద్ద పొడవు దూరమును ఎంతగా మార్చునో తెలుపు గొప్ప నిదర్శనము మన సముద్రతీరమే. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు 973.7 కిలోమీటర్లని పాఠ్యపుస్తకములు చిరకాలము బోధించినవి. భారతదేశపు తీరరేఖ 7,516.6 కిలోమీటర్లని చెప్పెడివి. ఆ లెక్క 1970 ప్రాంతపు దశాబ్దిలో, ఒక సెంటీమీటరు 45 కిలోమీటర్లకు సమానమగు పటములపై చేసినది. అంత చిన్న పటములో కయ్యలు, నదీముఖములు, ఇసుకతిన్నెల వంకరలు కానరావు. పిదప ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లకు సమానమగు పటములపై తిరిగి లెక్కించిరి. కేంద్ర హోంశాఖ 2023–24 వార్షిక నివేదికలో ఆ ఫలితము వెలువడినది. దాని ప్రకారము దేశపు తీరరేఖ 11,098.81 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 1,053.07 కిలోమీటర్లు. సముద్రము వెనుకకు పోలేదు, నేల పెరుగలేదు. కొలబద్ద చిన్నదైనందున అది లోనికి దూరి కొలువగలిగినది. ఇంకను చిన్న బద్దతో కొలిచినచో ఇంకను పెద్ద సంఖ్య వచ్చును. కనుక తీరరేఖకు ఒకే ఒక నిజమైన పొడవు కలదనుకొనుట పొరపాటు. ఏ పటముపై కొలిచిరో చెప్పినప్పుడే ఆ సంఖ్యకు అర్థము కలుగును.

దారి విషయమును కూడ మరువరాదు. హైదరాబాదునుండి విశాఖపట్టణము 503 కిలోమీటర్లని చెప్పినది పక్షి యెగురు దూరము. రహదారిపై పోవువానికి అది 600 కిలోమీటర్లను మించును. గోదావరికి ఈవలి ఒడ్డున నున్న పల్లెకు ఆవలి ఒడ్డు పటముపై రెండు కిలోమీటర్లే కావచ్చును. వంతెన లేనిచోట రోగిని ఆసుపత్రికి చేర్చవలసిన వాహనమునకు అది ఎన్నియో కిలోమీటర్ల చుట్టుదారి. పక్షిదూరమును చూచి ఆసుపత్రి దగ్గరనే ఉన్నదని తీర్మానించు అధికారి ఆ పల్లెకు అన్యాయము చేసినవాడగును.

యంత్రము లెక్క చేయుటలో అలసిపోదు. కాని మనమేమి అడుగుచున్నామో అది ఎరుగదు. తెరపై ఒక సంఖ్య కానవచ్చినప్పుడు ఇది పక్షిదూరమా, దారిదూరమా అనియు, భూమిని చదునుగా తలంచిరా, గుండ్రముగా తలంచిరా అనియు, ఎంత సూక్ష్మమైన పటముపై కొలిచిరి అనియు మనము ప్రశ్నింపవలెను. నిరూపకములను ఇతరులకు తెలుపునప్పుడు ఏది అక్షాంశమో, ఏది రేఖాంశమో, అవి దశాంశములో, నిమిషములో స్పష్టముగా చెప్పవలెను. చెప్పినదానిని ఎదుటివానిచే తిరిగి చెప్పించుకొనుట ఇంకను మేలు. అందుకు అరనిమిషము పట్టును. అలలపై ఆశతో ఎదురుచూచు పడవకు ఆ అరనిమిషమే ప్రాణాధారము కావచ్చును.